మడిలో ఆరని సంచులు

"గుడ్డ సంచులకు మాకు ఖర్చేముండాది సార్, ఇంట్లోనే ఉతికేస్తారు" అని ముందు గదిలో చక్రధర్ నవ్వుతూ చెబుతున్నాడు. పెరట్లో పొగలు కక్కుతున్న నీళ్ళ గంగాళం ముందు కూర్చుని, మోచేతుల దాకా తడిసి, ఆ సంచుల్నే తిరగేసి రుద్దుతున్న ప్రశాంతికి భర్త మాట చెవిన పడింది. ఇంట్లోనే ఉతికేస్తారట. వినేవాళ్ళు ఈ ఇంటి గోడలే కొంగు బిగించి వచ్చి ఉతుకుతాయని అనుకోవాలి.

వచ్చిన మనిషి పేరు ఏకాంబరం. మద్రాసులో వడపోత సంచులు చేసే కంపెనీ తరఫున తిరుగుతుంటాడు. తెలుగులో అరవం కలిపి మాట్లాడతాడు. "ఒక కాపు వడగట్టేది, తీసి పారేసేది, అంతే సార్. ఉతికేది లేదు, ఆరబెట్టేది లేదు. గుడ్డ సంచి చవక అంటారు అందరూ. ఉతికే ఆళుకి కూలి, నీళ్ళు, కట్టెలు, బట్టల సోడా, అన్నీ లెక్కలో ఏసి చూడండి సార్. అప్పుడు ఏది చవకో మీరే చెప్పండి."

"కూలాళ్ళు యాడుండారు సార్, మా ఇంట్లో వాళ్ళే కదా" అన్నాడు చక్రధర్.

ప్రశాంతి ఆ ఏకాంబరం మొహం కూడా చూడలేదు. కానీ పెళ్ళయి ఈ ఇంటికి వచ్చాక, తను చేసేది ఒక పని అనీ, ఆ పనికి కూలి అనేది ఒకటి ఉంటుందనీ నోరు తెరిచి అన్న మొదటి మనిషి అతనే. అదీ తన సరుకు అమ్ముకోవడానికి. ఆమెకు నవ్వూ వచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. సోడా ఆవిరి తగిలిందిలే అనుకుని భుజంతో తుడుచుకుంది.

వాళ్ళది నన్నారి షర్బత్తు వ్యాపారం. మామగారు మొదలుపెట్టింది, ఆయన పోయాక చక్రధర్ చేతికి వచ్చింది. రేణిగుంట దారిలో ఒక రేకుల షెడ్డు, అందులో నన్నారి, అదే సుగంధిపాల వేర్లు ఉడికించే పెద్ద పాత్రలు, చక్కెర పాకం పట్టే పొయ్యి, సీసాలు నింపే బల్ల. కషాయమూ పాకమూ కలిపిన ఒక్కో కాపూ చల్లారాక, దొడ్డు నూలు గుడ్డతో కుట్టిన పొడుగాటి సంచుల్లో పోసి వడగట్టాలి. వేరు పీచు, మట్టి, చక్కెరలో మురికి, అంతా సంచికి పట్టుకుంటుంది. షెడ్డులో పనివాళ్ళకు కొదవ లేదు. కానీ సంచులు వాళ్ళు ముట్టకూడదు. జనం తాగే వస్తువు తగిలే గుడ్డ మడిగా ఉండాలనేది అత్తగారు వరదమ్మ తప్పనివ్వని నియమం. అందుకని సాయంత్రానికి సంచులన్నీ స్కూటరు మీద ఇంటికి చేరతాయి. సీసా మీద అచ్చేసే పేరు వరదమ్మది, బోర్డు మీద పేరు మామగారిది, బ్యాంకులో సంతకం చక్రధర్‌ది. ప్రశాంతికి మిగిలింది గంగాళం. ఆ వాసన చేతులకు పట్టిపోయి, నన్నారి తాగాలంటేనే ఆమెకు గుక్క దిగదు.

ఏకాంబరం చూపించిన తెల్ల సంచిని వరదమ్మ గడప దగ్గర నుంచే చూసింది. "అది ఎవురు కుట్టినారో, ఏ చేత్తో కుట్టినారో?" అని అడిగింది. మెషిన్ కుడుతుందమ్మా, మనిషి చెయ్యే తగలదు అన్నాడతను. "మెషిన్‌కు మడి ఏముండాది" అని ఆమె లోపలికి వెళ్ళిపోయింది. ఏకాంబరం మొహమాటానికి రెండు సంచులు ఊరికే ఇచ్చి పోయాడు. చక్రధర్ వాటితో స్కూటరు తుడుచుకుని, పొద్దున ప్రశాంతి ఉతకాల్సిన బట్టల మీద పడేశాడు. ఒకసారి వాడి పారేసేదాన్ని కూడా ఉతికించుకున్న ఇల్లు తిరుపతిలో ఇదొక్కటే అయ్యుంటుంది.

నిరుడు వేసవి దాకా సంచుల్ని మిద్దె మీద తీగకు ఆరేసేవాళ్ళు. తిరుపతి ఎండకు మధ్యాహ్నానికల్లా పెళపెళలాడేవి. ఈ ఏడు పక్కవాళ్ళు పాత ఇల్లు పడగొట్టి లాడ్జి కట్టారు. కొండకు వచ్చినవాళ్ళు తడి పంచెలూ చీరలూ లాడ్జి మిద్దె మీద ఆరేస్తారు, గాలి లేస్తే అవి ఇటువైపు వాలతాయి. ఒకరోజు ఎవరిదో లుంగీ ఎగిరొచ్చి సరిగ్గా వడపోత సంచి మీద పడింది. వరదమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. మర్నాటి నుంచి సంచులు దేవుడి గది పక్కనున్న చీకటి గదిలోకి వచ్చాయి. పైన వెదురు దండెం, దాని మీదికి కర్రతో ఎత్తి ఆరేయాలి. అక్కడ ఎవరి నీడా పడదు. ఎండా పడదు.

దొడ్డు గుడ్డ కదా, పొద్దున తీసేటప్పటికి లోపలి కుట్ల దగ్గర చెమ్మ అలాగే ఉండేది. వేలు పెడితే జిగురు తగిలేది. ముక్కు దగ్గర పెట్టుకుంటే పులిసిపోయిన ఇడ్లీ పిండి వాసన. ప్రశాంతి మొదట భర్తకు చెప్పింది. "సంచులు ఆరడం లేదండీ, వాసనొస్తా ఉండాది." అతను అద్దంలో మీసం చూసుకుంటూ, "మా అమ్మ నువ్వు పుట్టక ముందు నుంచి మడి చేస్తా ఉండాది. నీ ముక్కుకు తెలిసేది ఆమెకు తెలీదా" అన్నాడు. అత్తగారికి చెబితే, "మీ కార్వేటినగరంలో మడి ఉంటే కదా నీకు తెలిసేది" అని పుట్టింటిని కూడా కలిపి దులిపింది. ముక్కు చెప్పింది నిజమని తెలిసి కూడా ప్రశాంతి ఆ రెండు మాటలతో నోరు మూసుకుంది. ఆ ఇంట్లో ఆమె నోరు మూసుకోవడం కొత్త కాదు గానీ, ఆ తర్వాత సంచి తిరగేసిన ప్రతిసారీ ఆ వాసన ఆమెను నువ్వెందుకు ఊరుకున్నావని అడుగుతున్నట్టే ఉండేది.

ఇక ఆ మూడు రోజుల సంగతి. నెలకు మూడు రోజులు ప్రశాంతి వెనక వరండాలో దూరం కూర్చోవాలి. వేరే చాప, వేరే చెంబు, వేరే కంచం. వంటిల్లు సరే సరి, బిడ్డ పుస్తకం కూడా తాకకూడదు. కానీ వేసవిలో షెడ్డు ఆగదు, సంచులూ ఆగవు. వరదమ్మకు నడుం వంగదు. పెళ్ళయిన మొదటి వేసవిలో, వరండాలో కూర్చున్న ప్రశాంతి వైపు చూడకుండా, గాలితో చెప్పినట్టు, "పెరట్లో నీళ్ళు కాగినాయి" అని అత్తగారు లోపలికి వెళ్ళింది. చూస్తే గంగాళం పక్కన సంచుల గుట్ట. "అత్తా, నేను దూరముండాను కదా" అంది ప్రశాంతి, అత్తగారు మరిచిపోయిందేమోనని. లోపలి నుంచి ఒక చెయ్యి సోడా డబ్బా గడప మీద పెట్టి పోయింది. ఉతికి బండ మీద పెట్టాక, వరదమ్మ వచ్చి వాటి మీద పసుపు నీళ్ళు చల్లి కర్రతో ఎత్తుకుపోయింది. అంతే, అన్నీ శుద్ధి అయిపోయాయి. ఆ తర్వాత ప్రతి వేసవీ అదే తంతు. ఇద్దరాడవాళ్ళూ ఆ సంగతి ఒక్కసారి కూడా నోటితో అనుకోలేదు. భార్య వరండాలో ఉంటే సంచులెవరు ఉతుకుతున్నారని చక్రధర్ ఏనాడూ అడగలేదు. అడగకుండా ఉండటం కూడా కొందరికి పుట్టుకతో వచ్చే తెలివి.

ఎండలు ముదిరాక సీసాలు పేలడం మొదలైంది.

చిత్తూరు వైపు సరుకంతా తీసుకునే గంగాధరం ఒక పొద్దున అట్టపెట్టె చంకన పెట్టుకుని వచ్చాడు. పెట్టె అడుగంతా తడిసి చీమలు పట్టి ఉంది. ఒక సీసా మూత తిప్పితే సోడా బుడ్డి కొట్టినట్టు బుస్సుమని నురగ పొంగి నేల మీద పడింది. "సూడబ్బా, సూడు. గోడౌన్లో నిలబడేదానికి లేదు. అంగళ్ళోళ్ళు పెట్టెలకు పెట్టెలు తెచ్చి నా మొగాన కొడతా ఉండారు. సెక్కెర తగ్గించినావు కదా? సెక్కెర తగ్గితేనే ఇట్ల పులిసేది. ఇంతకాలం యాపారం చేసినోణ్ణి, నాకు తెలీదనుకున్నావా?"

చక్కెర గింజంత కూడా తగ్గించలేదని చక్రధర్ అమ్మ మీదా బిడ్డ మీదా ఒట్టు పెట్టాడు. నిజానికి అతను తగ్గించలేదు. గంగాధరం తల అడ్డంగా ఊపాడు. "ఈడ నా ముందర ఏసే ఒట్టు నాకొద్దు. కాణిపాకం రా. ఆ సామి ముందర తడిగుడ్డలతో నిలబడి సెప్పు, నమ్ముతా. లేదంటే ఇదే నీకూ నాకూ ఆఖరు."

ప్రశాంతి అప్పుడే కాఫీ గ్లాసులతో గదిలోకి వచ్చింది. తలుపు చాటు నుంచి వరదమ్మ గొంతు వినిపించింది. "సెక్కెర తగ్గలేదు గంగాధరం. ఇంట్లో మైల కలిసింది. కోడలు దూరముండే రోజుల్లో తెలీక సంచి తాకినట్టుండాది."

ఇద్దరు మగవాళ్ళూ తలెత్తి ప్రశాంతి వైపు చూశారు. ఆ చూపు మొహం మీద ఆగలేదు. ఆమె గ్లాసులు బల్ల మీద పెట్టేసింది. తన ఒంటి సంగతి, కన్న తల్లితో కూడా గొంతు తగ్గించి చెప్పుకునే సంగతి, పరాయి మగవాడి ముందు చక్కెర బస్తా సంగతిలా నడి ఇంట్లో పడింది. సిగ్గుతో ఒళ్ళంతా మండింది. ఆ సిగ్గు వెనకే కోపం వచ్చింది. ఇంత కోపం తనలో ఎక్కడుందో ఆమెకే తెలియలేదు. గంగాధరం మాత్రం కొంచెం చల్లబడ్డాడు. మైల అంటే అతనికి అర్థమయ్యే సంగతే. "అట్లయితే ఆ మాటే ఆయమ్మ సామి ముందర సెప్పనీ. మోసం లేదని తేలితే నాకు అది సాలు" అని కాఫీ తాగి పోయాడు.

సాయంత్రం చక్రధర్ ఎన్నడూ లేనిది వంటింట్లోకి వచ్చి పీట వేసుకుని కూర్చున్నాడు. "ఒక్క మాట ప్రశాంతీ. తెలీక తాకినాను, ఇంకెప్పుడూ జరగదు, అంతే. నీకేం పోతాది? నాకైతే చిత్తూరు లైనంతా పోతాది." ఆమె పొయ్యి మీద పోపు పెట్టింది. దాన్నే అతను ఒప్పుకోలు కింద జమకట్టుకుని లేచిపోయాడు. నీకేం పోతాది. ఆమె పోపు మాడిపోతున్నా ఆ మాట దగ్గరే ఆగిపోయింది. తన దగ్గర పోవడానికి ఏదైనా ఉందని అతనికి తెలిస్తే కదా, పోతుందో లేదో తెలిసేది.

వరదమ్మ బీరకాయలు చెక్కు తీస్తుంటే ప్రశాంతి వచ్చి ఎదురుగా కూర్చుంది. "అత్తా, నీళ్ళు కాచి పెట్టింది మీరు కదా."

"ఏ నీళ్ళు?" అంది వరదమ్మ తలెత్తకుండా. ఇంకో బీరకాయ చేతిలోకి తీసుకుని, "ఆడదాని మీద ఒక మాట పడితే రెండు దినాలకు మాసిపోతాది. మగోడి యాపారం మీద పడితే ఇల్లు నిలబడదు. నువ్వు ఈ ఇంటి మనిషివి కదా" అంది. ఆ గొంతులో కాఠిన్యం లేదు, బతిమాలుతున్నట్టే ఉంది. అదే ప్రశాంతికి ఎక్కువ నొప్పి కలిగించింది.

మర్నాడు ప్రశాంతి మార్కెట్టుకు వెళ్ళి వచ్చేసరికి పెరట్లో నీళ్ళ చప్పుడు వినిపించింది. కూతురు మోక్షిత గంగాళం ముందు కూర్చుని ఉంది. బడికి సెలవులు. అవ్వ దాని జడలు పైకి కట్టేసి, తడిపి ఆరేసిన మడి గుడ్డ చుట్టబెట్టి కూర్చోబెట్టింది. ఒక సంచిని రెండు చేతులా పట్టుకుని, దాని బరువు లాగలేక, నాలుక కరుచుకుని రుద్దుతోంది. "అమ్మా, నేనైతే మంచిదంట. అవ్వ చెప్పింది" అంది మురిసిపోతూ.

"ఇంకా పెద్దమనిషి కాలేదు కదా, దానికి ఏ మైలా లేదు. నెలంతా ఉతుకుతాది" అంది వరదమ్మ గడపలో నుంచి, చాలా కాలంగా వెతుకుతున్న దారి దొరికినట్టు.

ప్రశాంతి కూరగాయల సంచి కింద పెట్టి, బిడ్డ చేతులు పట్టి నీళ్ళలో నుంచి పైకి తీసింది. వేళ్ళ సందుల్లో సోడాకు చర్మం ఎర్రబడి ఉంది. ఈ చేతులు ఇంకా గోరింటాకు పండేదాకా కూడా కుదురుగా ఉండవు. చల్లటి నీళ్ళు పోసి, కొబ్బరినూనె రాసి, లోపలికి పంపింది. తర్వాత ఆ పీట మీద తనే కూర్చుని మిగిలిన సంచులన్నీ ఉతికింది. పోట్లాడలేదు. పోట్లాడితే ఈ కోపం సాయంత్రానికి చల్లారిపోతుందని ఆమెకు భయం. ఉతుకుతున్నంత సేపూ ఒక్కటే అనుకుంది. తాను తెలీక తాకినానని ఆ గుడిలో ఒప్పుకుంటే, సీసాలు పేలింది తన వల్లేనని దేవుడి సాక్షిగా ఖాయమవుతుంది. అది ఖాయమైతే, మైల లేని చేతులు కావాలి. ఆ చేతులు ఇప్పుడు లోపల నూనె రాసుకుని కూర్చున్నాయి. మోక్షితకూ రేపో మాపో వరండాలో చాప పడుతుంది. అప్పుడు దానికి కూడా ఎవరో ఒకరు నీళ్ళు కాచి పెడతారు.

మోక్షితను తెలిసినవాళ్ళింట్లో దించి, తల్లీ కొడుకూ కోడలూ కాణిపాకానికి బస్సులో వెళ్ళారు. నామాలు పెట్టుకునే ఇల్లు, వినాయకుడి గుడికి పోయే అలవాటు లేదు. చిత్తూరు లైను పోతుందనేసరికి వరదమ్మ దానికి కూడా ఏమీ అనలేదు. దారి పొడవునా చక్రధర్ భార్య చెవిలో చెప్పవలసిన మాట చెబుతూనే ఉన్నాడు. తెలీక, ఒక్కసారి, ఇంక జరగదు. బడిపిల్లకు పద్యం నేర్పుతున్నట్టు. ఆమె కిటికీ బయట మామిడి తోటలు చూస్తూ ఏకాంబరం సంచుల గురించి ఆలోచించింది. అవి కొంటే ఈ గొడవ ఉండేది కాదేమో. కానీ వాడినవన్నీ ఎక్కడ పారేస్తారు? పారేసే పని కూడా తిరిగి తన మీదికే వస్తుంది. గుడ్డ సంచిలో తప్పేం లేదు. వేడి నీళ్ళుంటే, ఎండ తగిలితే, అది ఏళ్ళ తరబడి మన్నుతుంది. ఉతికే చేతులు ఊరికే దొరికాయి కాబట్టి అది చవకైంది. అంతే.

కోనేట్లో స్నానాలు చేసి తడిబట్టలతో స్వామి ముందుకు వచ్చి నిలబడేసరికి గంగాధరం అక్కడే ఉన్నాడు. చక్రధర్ చేతులు జోడించి, చక్కెర తగ్గించలేదని, నీళ్ళు కలపలేదని గట్టిగా చెప్పాడు. గంగాధరం తలాడించాడు. "ఇంక నువ్వు సెప్పమ్మా."

ప్రశాంతి తడి కొంగు భుజం మీదికి లాక్కుంది. పక్కన భర్త పెదవులు ఆ నేర్పిన మాటను చప్పుడు లేకుండా అంటున్నాయి.

"తాకినాను" అంది. చక్రధర్ ఊపిరి వదిలాడు.

"తెలీక కాదన్నా, తెలిసే తాకినాను. ఒకసారి కాదు. పెండ్లయి వచ్చిన వేసవి నుంచి, ఆ మూడు రోజులు కూడా సంచులు ఉతికింది నేనే. ఇన్నేండ్లుగా మీరు అమ్మింది ఆ షర్బత్తే. మీ పాప పెండ్లి పందిట్లో అందరికీ పోసింది కూడా ఆ షర్బత్తే. అప్పుడు ఒక్క సీసా పేలలేదు."

ఆ పెళ్ళిలో అల్లుడి వైపు వాళ్ళకు రెండో గ్లాసు గంగాధరానికి తనే బలవంతంగా పోయించిన సంగతి గుర్తొచ్చినట్టుంది. "మరి ఈ ఏడు ఏమైనట్టు?"

"ఈ ఏడు సంచులకు ఎండ లేదన్నా. మిద్దె మీద ఆరేటివి చీకటి గదిలోకి వచ్చినాయి. ఆరక పులుస్తా ఉండాయి. ఆ వాసన నేను ఇంట్లో చెప్పినాను."

"నిజమా అమ్మా?" అని అతను వరదమ్మను అడిగాడు.

ఇంట్లో అయితే వరదమ్మ ఏ వాసన అనేది, ఏ నీళ్ళు అనేది. ఇక్కడ ఆమె గర్భగుడి వైపు చూసింది, కోడలి వైపు చూసింది. "నీళ్ళు నేనే కాచి పెట్టినాను" అంది. తర్వాత, ఎవరూ అడక్కుండానే, "నాకు మా అత్త పెట్టింది. ఆ మూడు దినాలూ నేనూ ఉతికినాను" అంది.

ఈ మాట ప్రశాంతికి తెలియదు. ఒకప్పుడు అదే గంగాళం ముందు, అదే రాతి బండ మీద, ఈమె కూడా కడుపు నొప్పిని అదిమిపెట్టుకుని సంచులు పిండిందన్నమాట. ఆమె మీద కోపం పోలేదు. కానీ ఆ ముసలి చేతుల మీద నుంచి చూపు తిప్పుకోలేకపోయింది. చక్రధర్ తల్లినీ భార్యనూ మార్చి మార్చి చూస్తున్నాడు. చిన్నప్పటి నుంచి తాగిన షర్బత్తంతా ఒక్కసారి లెక్క తేలినట్టుంది అతని మొహం.

గంగాధరం వ్యాపారస్తుడు. "సెక్కెర తగ్గలేదు కదా, నాకు అది సాలు. ఎండకే ఏస్తారో, పారేసే సంచులే కొంటారో మీ ఇష్టం. నా గోడౌన్లో మాత్రం పేలకూడదు" అని, దేవుడికి దణ్ణం పెట్టుకుని వెళ్ళిపోయాడు.

అతను కనుమరుగయ్యాక చక్రధర్ భార్య దగ్గరికి జరిగాడు. గొంతులో కోపమూ ఉంది, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియని తికమకా ఉంది. "పరువంతా తీసినావు. సరే, ఇంటికి పోయి మాట్లాడుకుందాం. రేపు కాపు ఉండాది. సంచులు నానేసి వచ్చినావా?"

ప్రశాంతి చీర చెంగు పిండుకుంది. "నానేయలేదు" అంది. "మోక్షిత ఆ నీళ్ళలో చెయ్యి పెట్టేది లేదు. అత్త చేసింది చాలు. ఇంకమీద ఆ మూడు రోజులూ నేను ఉతుకుతాను. తక్కిన రోజులు మీరు ఉతకండి."